ఊరుకున్న ఎలుకలు

నాకు అనుమానం జబ్బని మా ఇంట్లో అందరూ అంటారు. కొట్లో కందిపప్పు తూయించి తెచ్చినా ఇంటికి రాగానే మళ్లీ తూస్తాను. టీవీలో ఎవరైనా తెల్లకోటు వేసుకుని నూనె సీసా చేత్తో పట్టుకుంటే చాలు, ఆ కోటు అద్దెదేమోనని చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. నరసరావుపేట దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ పాఠం చెబుతూ, ఎలుకల గది చూసుకుంటూ బతికిన మనిషికి ఈ జబ్బు రాకపోతేనే ప్రమాదం.

పోయినేడాది రిటైరయ్యాను. ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు ఇంటికొచ్చి, పనికొచ్చే మాటలేమైనా రాసివ్వమన్నారు. నేనేం సాధించానో రాయను, అది వాళ్లకు అక్కర్లేదు. ఒక సంతకం గురించి రాస్తాను. అన్నిటినీ అనుమానించే నేను ఆ ఒక్క కాగితం మీద అనుమానం లేకుండా సంతకం పెట్టాను. దానివల్ల ఏసోబు అనే మనిషి ప్రాణం మీదికొచ్చింది.

పని అంటే ఇదీ

నొప్పి తగ్గించే మందు వెతకాలంటే ముందు నొప్పి పుట్టించాలి. ఈ మాట మీరు చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. యాభై ఐదు డిగ్రీలకు వేడెక్కిన రేకు మీద తెల్ల చిట్టెలుకను దించుతాం. చుట్టూ గాజు గోడ ఉంటుంది. అది పాదం నాకేదాకానో, ఎగిరేదాకానో స్టాప్‌వాచ్ నడుస్తుంది. మందు పనిచేస్తే ఆ సమయం పెరుగుతుంది. పదిహేను సెకన్లు దాటనివ్వకుండా మనమే తీసేయాలి, లేకపోతే పాదం కాలిపోతుంది. ఇంకో పరీక్షలో పొట్టలోకి పలచని ఎసిటిక్ ఆమ్లం ఎక్కించి, అది బాధతో ఎన్నిసార్లు ఒళ్లు మెలితిప్పుకుందో లెక్కపెడతాం. మెలికలు తగ్గితే నొప్పి తగ్గిందని రాసుకుంటాం.

మన కాలేజీల్లో అట్టలు వేసి అల్మారాల్లో పెట్టిన థీసిస్‌లు ఒకసారి తిరగేయండి. నొప్పి తగ్గించని ఆకు ఒక్కటి కనపడదు. వేప తగ్గిస్తుంది, తుమ్మ తగ్గిస్తుంది, రోడ్డు పక్క వయ్యారిభామ కూడా తగ్గిస్తుంది. ఇన్ని ఆకులు నొప్పిని తరిమేస్తుంటే మా ఊరి బస్టాండు దగ్గర మందుల షాపుల ముందు పొద్దున్నే అంతమంది నడుం పట్టుకుని ఎందుకు నిలబడతారో ఎవరూ అడగరు. నేను అడిగేదాన్ని. అందుకే వైవాలకు నన్ను పిలవడం తగ్గించారు.

ఆకులో గుణం లేదని నేననడం లేదు. చాలా మందులు మొక్కల్లోంచే వచ్చాయి. కానీ గుణం ఉందని ముందే నమ్మి, ఆ తర్వాత ఎలుక దగ్గరికి వెళ్లేవాడికి ఎలుక ఎప్పుడూ అవుననే చెబుతుంది.

రెండు సీసాలు

ఈ సంగతి నాకు నేర్పింది నా మొదటి బాసు. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ ల్యాబులో చేరిన కొత్తలో ఆయన కింద పనిచేశాను. పొడుగ్గా, ఎండిపోయినట్టు ఉండేవాడు. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. ఒకరోజు నాకు రెండు సీసాలు ఇచ్చాడు. ఒకదాని మీద ఉప్పునీళ్లు అనీ, రెండోదాని మీద కొత్త మందు అనీ రాసి ఉంది. రెండూ ఎలుకలకిచ్చి వేడిరేకు పరీక్ష చేసి రమ్మన్నాడు.

మూడు రోజులు కష్టపడి చేశాను. కొత్త మందు బాగా పనిచేసింది. గ్రాఫు గీసి, రంగు పెన్సిళ్లతో దిద్ది మరీ తీసుకెళ్లాను. ఆయన గ్రాఫు వైపు చూడను కూడా చూడలేదు.

"రెండు సీసాల్లోనూ ఉప్పునీళ్లేనమ్మా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. నేను దొంగలెక్కలు రాయలేదని ప్రమాణం చేశాను.

"రాశావని ఎవరన్నారు? ఎలుకలు నిన్ను మోసం చెయ్యలేదు. నువ్వూ నన్ను మోసం చెయ్యలేదు. స్టాప్‌వాచ్ మీదున్న నీ బొటనవేలు మోసం చేసింది. మందు ఇచ్చిన ఎలుక పాదం ఎత్తితే, ఇది నాకడం కాదులే అని అర క్షణం ఆగింది. ఉప్పునీళ్ల ఎలుక కదలగానే నొక్కేసింది."

ఆ రోజు నుంచి ఏ సీసాలో ఏముందో పరీక్ష చేసేవాళ్లకు తెలియనివ్వకూడదనే నియమం పెట్టుకున్నాను. మా కాలేజీలో పిల్లలు నన్ను వెనకాల సీబీఐ మేడమ్ అనేవాళ్లని తెలుసు. లేబుళ్లు నేనే చించి, నా బీరువాలో పెట్టి, తాళం చీరకొంగుకు ముడివేసుకునేదాన్ని. బొటనవేలిని పట్టుకుంటే దొంగ దొరికాడని అనుకున్నాను. ఇంకో దొంగ ఉంటాడని నాకు తోచలేదు.

మాచర్ల వైపు తీగ

మా ఎలుకల గదిలో అటెండరు మరియమ్మ. పంజరాలు కడగడం, మేత వేయడం, నీళ్ల సీసాలు మార్చడం ఆమె పని. ఎలుకను తోక మొదట్లో పట్టుకుని, రెండో చేత్తో కింద ఆసరా ఇచ్చి ఎత్తేది. నా శిష్యుల్లో అంత సుకుమారంగా పట్టుకున్నవాళ్లు లేరు. ఎలుకకు ఒంట్లో బాగాలేకపోతే బొచ్చు చూసి ముందురోజే చెప్పేది.

ఆమె భర్త ఏసోబు మాచర్ల వైపు నాపరాళ్ల గనుల్లో రాళ్లు ఎత్తి ఎత్తి నడుం పోగొట్టుకున్నాడు. భార్య ఉద్యోగం కోసం నరసరావుపేట వచ్చి, నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకునే స్థితిలో ఇంట్లోనే ఉంటున్నాడు. నేను ఒకటి రెండుసార్లు చూశాను. నొప్పి వచ్చినప్పుడు మూలుగు నాలుగిళ్లకు వినపడేదట.

ఎం.ఫార్మసీ చేస్తున్న రెహానా థీసిస్ కోసం మొక్క వెతుకుతుంటే, మరియమ్మే చెప్పింది. ఏసోబు ఊళ్లో కాలు బెణికితే ఒక తీగ ఆకు నూరి కట్టు కడతారని. ఆ తీగ పేరు నేనిక్కడ రాయను. రాస్తే రేపే ఎవడో కోసుకొచ్చి పొడి కొడతాడు. రెహానా వాళ్ల నాన్నకు ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. ఆ ఇంట్లో అంతదూరం చదివిన మొదటి పిల్ల ఆమె. మరియమ్మను వెంటబెట్టుకుని మాచర్ల బండెక్కి వెళ్లి గోనెసంచి నిండా ఆకు తెచ్చింది. నీడన ఆరబెట్టి, పొడి చేసి, సారం తీసింది.

అక్కడే మొదటి తప్పు జరిగింది. ఊళ్లో వాళ్లు ఆకును పైన కడతారు. మేము సారాన్ని ఎలుకలకు నోట్లో పోశాం. పైపూతకు పరీక్ష చేయడం కష్టం, ఎలుక నాకేస్తుంది. నోట్లో పోయడం సులువు. పని సులువు కావడం కోసం తరాలుగా జనం పెట్టుకున్న కట్టుబాటును పక్కన పెట్టేశాం. వాళ్లు ఎందుకు తాగరో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఒక్క మాట

పరీక్ష పద్ధతి ఇలా ఉండేది. మరియమ్మ ఎలుకను రేకు మీద దించి, గాజు దగ్గర వంగి చూస్తుంది. పాదం నాకగానే "నాకింది" అంటుంది, ఎగరగానే "ఎగిరింది" అంటుంది. రెహానా వాచ్ నొక్కి పుస్తకంలో రాస్తుంది. ఏ ఎలుకకు ఏమిచ్చామో ఇద్దరికీ తెలియదు. నేను అవతల కుర్చీలో కూర్చుని ఉన్నాను, తాళం నా కొంగున ఉంది. నాకు ఇంకేం కావాలి?

కొన్ని ఎలుకల దగ్గర మరియమ్మ నాకిందనీ అనలేదు, ఎగిరిందనీ అనలేదు. పదిహేను సెకన్లూ చూసి, "ఊరుకుంది" అంది.

మన ఇళ్లలో ఆ మాట ఎట్లా వాడతామో మీకు తెలుసు. ఏడ్చే పిల్లాణ్ణి ఎత్తుకుని కాసేపు తిప్పాక వంటింట్లోంచి తల్లి "ఊరుకున్నాడా?" అని అడుగుతుంది. ఊరుకున్నాడంటే బాధ తీరిందనే అర్థం. రెహానా కూడా అలాగే విన్నది. ఇంగ్లీషులో నడిచే రికార్డు కదా, మరియమ్మ ఊరుకుంది అన్నచోటల్లా "నో పెయిన్" అని రాసుకుంది. రెండో పరీక్షలోనూ అంతే. మెలికలు తిరగని ఎలుకలన్నీ మరియమ్మ నోట ఊరుకున్నాయి, రెహానా కలం కింద నొప్పి పోగొట్టుకున్నాయి.

బీరువా తెరిచి లేబుళ్లు చూస్తే, ఊరుకున్నవన్నీ తీగ సారం తాగినవే. రెండు వేరు వేరు పరీక్షలు ఒకే సాక్ష్యం చెప్పాయి. అంకెలు ఒకటికి మూడుసార్లు కూడి చూశాను. తప్పు లేదు. మందుల షాపులో చీటీ లేకుండా ఇవ్వని గట్టి మందులకు దీటుగా ఉంది ఫలితం. మామూలుగా అయితే అంత బాగున్నదాన్ని చూసి నాకు ఒళ్లు మండాలి. కానీ రిటైర్మెంటు దగ్గర పడింది. ఇన్నాళ్లూ ఇతరుల ఆకుల్ని ఎగతాళి చేసినదాన్ని, నా గదిలోంచి ఒక నిజమైన ఆకు బయటికొచ్చిందని సంబరపడ్డాను. సంతకం పెట్టాను.

మరియమ్మ ఒక్కసారి అన్నది కూడా. "ఆ ఎలకలు సాయంత్రం దాకా మేత కాడికి పోవట్లేదు మేడమ్. నీరసంగా ఉంటన్నయ్." పరీక్ష అలసట అని చెప్పి పంపేశాను. అంకెలు చెప్పని సంగతి అటెండరు చెబితే వినడం నాకు అలవాటు లేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మా ప్రిన్సిపాల్ ఆ కాగితాన్ని నోటీసు బోర్డుకు ఎక్కించాడు. చిలకలూరిపేట నుంచి మోకాళ్ల నూనె అమ్మే ఒక వ్యాపారిని పిలిపించాడు. మిరపకోతలకు, పత్తితీతకు వెళ్లే ఆడవాళ్లకు పొడి ప్యాకెట్లు చేసి అమ్ముతానన్నాడతను. సెమినార్ హాల్లో మాట్లాడుకుంటుంటే టీలు ఇచ్చింది మరియమ్మ. "నొప్పి పూర్తిగా పోయినట్టు మా మేడమ్ గారు తేల్చారండి" అని ప్రిన్సిపాల్ అనడం ఆమె చెవిన పడింది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఇంకా మనుషుల దాకా రాలేదని ఒక మాట అన్నాను కానీ, గట్టిగా అనలేదు.

ఏసోబు మంచం దగ్గర

మర్నాడు పొద్దున మరియమ్మ పంజరాలు కడుగుతూ సంతోషంగా కనపడింది.

"మా ఆయనకు కూడా మన ఆకు పొడి కాచి పోశా మేడమ్. రెహానమ్మ జల్లించగా మిగిలింది ఉంది కదా, అది తీసుకుపోయా. మీకు చెప్పకుండా తీసుకోటం తప్పే. చానా బాధపడతన్నాడని..."

"ఎట్లా ఉంది?"

"ఊరుకున్నాడు మేడమ్."

ఎందుకో ఆ మాట మనిషి గురించి వినేసరికి నాకు వేరుగా వినపడింది.

"ఊరుకున్నాడంటే? నొప్పి తగ్గిందా?"

"ఏమో మేడమ్. మూలగట్లా."

"లేచి నడిచాడా?"

"లేదు, పండుకోనే ఉన్నాడు. చెయ్యి పైకెత్తితే కింద పడిపోతా ఉంది. నిద్ర మత్తు అనుకున్నా. కళ్లు మాత్రం తెరిచే ఉన్నయ్."

నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. ఆమెను ఆటో ఎక్కించుకుని వాళ్లింటికి వెళ్లాను. ఏసోబు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. ఊపిరి పైపైన ఆడుతోంది. పిలిస్తే పలకలేదు. కానీ చూపు నా వెంటే తిరిగింది.

"ఏసోబూ, నా మాట వినపడుతుంటే కళ్లు ముయ్యి" అన్నాను. మూశాడు.

"నడుం నొప్పి ఉంటే ఇంకోసారి ముయ్యి."

మూశాడు. మళ్లీ మూశాడు. ఆపకుండా మూస్తూ తెరుస్తూనే ఉన్నాడు. కళ్ల పక్కల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. మరియమ్మ కొంగుతో వాటిని తుడిచింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఏం తాగాడని డాక్టరు అడిగితే దాచకుండా అంతా చెప్పాను, మా కాలేజీ పేరుతో సహా. మొదటి రోజంతా ఏమీ చెప్పలేమన్నారు. ఆ వరండాలో బల్ల మీద మరియమ్మ పక్కన కూర్చుని, ఆమె నన్ను తిడితే బాగుండునని అనుకున్నాను. ఆమె తిట్టలేదు, ప్రార్థన చేసుకుంది. రెండో రోజు ఏసోబు వేళ్లు కదిలాయి. మూడో రోజు మాట వచ్చింది. నేనెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మేం కడతాం గానీ తాగమమ్మా ఆ ఆకుని" అన్నాడు. "కాలేజీలో పరీచ్ఛ చేశారంటే నమ్మి తాగా. నొప్పి ఏడకీ పోలా. అరుద్దామంటే నోరు రాలా. కొరుక్కుందామంటే పళ్లు కలవలా. అంతా నాకు తెలుస్తానే ఉంది."

తిరిగే కడ్డీ

ఎలుకకు ఒంట్లో పట్టు ఉందా లేదా చూడటానికి ఒక పరికరం ఉంటుంది. నెమ్మదిగా తిరిగే కడ్డీ. ఆరోగ్యంగా ఉన్న ఎలుక దాని మీద నడుస్తూ నిలబడుతుంది, పట్టు తప్పితే కింద మెత్త మీద పడుతుంది. నొప్పి పరీక్షకు ముందు ఇది చేసి తీరాలి. మాకూ ఒకటి ఉంది, ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చినప్పుడు తుడిచి బల్ల మీద పెట్టడానికి. దాని మోటారు కాలిపోయి చాలాకాలమైంది. రెహానా దాన్ని వాళ్ల నాన్న షెడ్డుకు మోసుకెళ్లింది. ఆయన ట్రాక్టరు పని ఆపి, ఒక పూటలో వైరు చుట్టి ఇచ్చాడు.

ఉప్పునీళ్లు తాగిన ఎలుకలు కడ్డీ మీద చక్కగా నడిచాయి. తీగ సారం తాగినవి పెట్టీ పెట్టగానే జారిపోయాయి. ఒక్కటి కూడా నిలబడలేదు. మా తీగ నొప్పిని తీయలేదు, కండల్లో సత్తువ తీసింది. పాదం నాకాలన్నా, ఎగరాలన్నా, ఒళ్లు తిప్పుకోవాలన్నా సత్తువ కావాలి. అందుకే రెండు పరీక్షలూ కూడబలుక్కున్నట్టు ఒకే అబద్ధం చెప్పాయి.

రెహానా పుస్తకం మూసేసి నా వైపు తిరిగింది. కోపంతో ముఖం ఎర్రబడింది.

"మీరు సంతకం పెట్టారు కదా మేడమ్. మీరు అందర్నీ అనుమానిస్తారు, మీరు సరే అన్నారంటే ఇంకేం ఉండదనుకున్నా."

ప్రిన్సిపాల్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం.

"మనిషి బతికాడు కదా మేడమ్ గారూ" అన్నాడాయన. "డోసు ఎక్కువై ఉంటుంది. థీసిస్ థీసిసే. వ్యాపారి సంగతి నేను చూసుకుంటా."

"నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానండి. ఆ వ్యాపారికి మీరు ఉత్తరం రాస్తారా, మందుల అధికారులకు నేను రాయనా?"

ఆయన రెహానా వైపు చూశాడు. "అమ్మాయ్, నీ డిగ్రీ ఆరు నెలలు వెనక్కి పోద్ది. తెలుసా?"

"తెలుసు సార్" అంది రెహానా. "మా ఇంట్లో కూడా చెప్పేశా. మా అమ్మీ మోకాళ్ల నొప్పులకి ఆ ప్యాకెట్ కొంటాదేమోనని నాకు భయం."

ఉత్తరం వెళ్లింది. వ్యాపారి అచ్చు వేయించుకున్న అట్టపెట్టెలు ఏం చేశాడో తెలియదు. ఇప్పటికీ ఏ షాపులోనైనా నొప్పుల పొడి కనపడితే చేత్తో తీసుకుని వెనకవైపు అక్షరాలన్నీ చదువుతాను. రెహానా థీసిస్ మళ్లీ రాసింది. ఆకు ఏం చేస్తుందో కాదు, మేము ఎక్కడ తప్పు చదివామో రాసింది. నేను చూసినవాటిలో నమ్మదగిన థీసిస్ అదొక్కటే.

మీకు చెప్పేదేమంటే, అంకెల్ని అనుమానించడం తేలిక. అంకె పుట్టకముందు ఎవరో నోటితో ఒక మాట అంటారు. దాన్ని మీ భాషలో, మీ ఇంట్లో అర్థం వచ్చినట్టు వింటారు. అనుమానించాల్సింది ఆ చోట.

మరియమ్మ అడిగింది

ఏసోబు ఇంటికొచ్చిన వారానికి మరియమ్మ పనిలోకి వచ్చింది. పంజరాలన్నీ కడిగి, మేత వేసి, చేతులు తుడుచుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఒకటి అడగనా మేడమ్? ఆ వేడిరేకు మీద ఎలకలు... అయ్యి కూడా మా ఆయన మాదిరేనా? కాలతా ఉంటే తెలుస్తానే ఉందా వాటికి?"

అబద్ధం చెబితే నమ్మేది. నమ్మాలనే అడిగింది.

"తెలుస్తూనే ఉంది మరియమ్మా. పాదం ఎత్తలేకపోయాయి."

ఆమె పంజరాల వైపు తిరిగింది.

"పదిహేను లెక్క అయ్యేదాకా నేనే కదా చూశా. మొకం మొకం పెట్టి చూశా."

"నువ్వు చూసింది చూసినట్టే చెప్పావు. తప్పుగా రాసుకున్నది మేము."

"అది కాదు మేడమ్" అంది. గొంతులో కోపం లేదు. "వాటి కళ్లు తడిగా ఉన్నయ్. ఎలక కళ్లు ఎప్పుడూ అట్టానే ఉంటయ్యేమో అనుకున్నా. మీరు చదువుకున్నోళ్లు, మీరొకసారి చూసుంటే తెలిసేది. అన్ని రోజుల్లో ఒక్కసారన్నా మీరు ఆ కుర్చీలోంచి లేచి, వంగి చూళ్లేదు."

నిజమే. చూడలేదు.